వాక్యం చివరి ‘వద్దు’

రిటైరైన వాళ్ల చేతికి మైకిస్తే ఏం మాట్లాడతారో మీకు తెలుసు. పుట్టుచెవుడున్న పసిపిల్ల మొదటిసారి అమ్మ గొంతు విని గుక్కపట్టి ఏడ్చిన కథ నేనూ చాలా సభల్లో చెప్పాను. అది జరిగిన మాటే. చెప్పినప్పుడల్లా చప్పట్లూ పడతాయి. కానీ వినికిడి పరీక్షల పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి పిల్లలు పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమని అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ పాప కాదు. తిరుపతి బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్లో సప్లయర్‌గా పనిచేసిన ఒక పెద్దమనిషి. ఆయన కథలో చప్పట్లు కొట్టే చోటు ఒక్కటీ లేదు. అందుకే ఎక్కడా చెప్పలేదు.

నేను ఆడియాలజిస్టుని. ఆ మాట నోరు తిరగక మా ఆస్పత్రిలో అందరూ ‘చెవుల మేడం’ అనేవాళ్లు. సొంతూరు చిత్తూరు, ఉద్యోగం ఎక్కువ భాగం తిరుపతిలో. చివరి సంవత్సరాల్లో నాతో ఒక జూనియర్ పనిచేసేది. గుంటూరు వైపు అమ్మాయి, మహా చురుకు, నేను ‘మా అమ్మాయి’ అనే పిలిచేదాన్ని. పుస్తకంలో ఉన్నదాన్ని దేవుడి మాటలా నమ్మేది. మా పరీక్ష గది ఒకప్పుడు విరిగిన స్ట్రెచర్లు పడేసిన స్టోరు రూము. గోడలకు స్పాంజి అంటించి, తలుపుకు రబ్బరు పట్టీ వేసి దాన్ని సౌండ్‌ప్రూఫ్ గది అనేవాళ్లం. బయట ట్రాలీ వెళుతుంటే మాత్రం మర్యాదగా పరీక్ష ఆపేవాళ్లం.

ఆ సప్లయర్ ఒక ఎండాకాలం మధ్యాహ్నం వచ్చారు. యాభై దాటిన మనిషి, ఐరాల దగ్గర పల్లె. చిన్నప్పుడే ఆ హోటల్లో బల్లలు తుడవడానికి చేరి, సప్లయర్‌గా ఎదిగారు. కాగితం ముక్క లేకుండా పెద్ద కుటుంబం మొత్తం ఆర్డరు విని, ఎవరి ముందు పెట్టాల్సింది వాళ్ల ముందే పెడతారని ఆయనకు పేరు. అలాంటి మనిషి ఏడాదిగా ఇడ్లీ అడిగిన వాళ్లకు వడ, కాఫీ అడిగిన వాళ్లకు టీ తెస్తున్నారు. చెవి పరీక్ష చేయించుకుని రా, లేకపోతే తొట్టి దగ్గరికి పో అన్నారట యజమాని. తొట్టి అంటే ఎంగిలి ప్లేట్లు కడిగే చోటు. జీతం తగ్గించనని కూడా చెప్పారట. కానీ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని మనుషుల ముందు నిలబడిన వాణ్ణి పెరట్లోకి పొమ్మనడం చిన్న మాట కాదు.

“సెవుడు మాదిరి లేదు మేడం,” అన్నారు. “సప్పుడు ఇనపడతాది. మాటా ఇనపడతాది. రెండో మాట వచ్చేలోపల మొదటిది జారిపోతాది.”

చెవి సమస్యతో వచ్చిన వాళ్లందరూ చెవి బాగుందనే మొదలుపెడతారు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. మా అమ్మాయి ఆయన్ను లోపల కూర్చోబెట్టి హెడ్‌ఫోను తగిలించింది. సన్నటి శబ్దాలు వినడంలో కొద్దిపాటి లోపం తేలింది, ఆ వయసుకు మామూలే. తర్వాత మాటల పట్టీ. రికార్డు చేసిన గొంతు ఒక్కో మాట చెబుతుంది, విన్న మాటను తిరిగి చెప్పాలి. మా పట్టీలో గొంతు కోస్తా ఆవిడది, శుభ్రమైన రేడియో తెలుగు. పరీక్ష అయ్యాక అమ్మాయి ముఖం గంభీరంగా పెట్టుకుని కాగితం తెచ్చింది. “మేడం, చాలా మాటలు తప్పాయి. అన్నీ చకారం దగ్గరే. సన్న శబ్దాలు పోతే చ, స కలిసిపోతాయని చదివాం కదా, సరిగ్గా అదే. వెంటనే చెవికి మిషన్ పెట్టాలి.”

కాగితం చూశాను. చెంబు అంటే సెంబు అన్నారు. చేప అంటే సేప. చుక్క అంటే సుక్క. నాకు నవ్వాగలేదు. “ఆయన విన్నది చెంబే తల్లీ. మా వైపు దాన్ని సెంబు అనే అంటారు. మా నాయన బతికుండి ఈ పరీక్షకు వచ్చుంటే ఆయన్నీ చెవిటివాడని రాసేదానివి,” అన్నాను. అమ్మాయి నాలుక కరుచుకుంది. మళ్లీ లెక్క వేస్తే దాదాపు అన్నీ ఒప్పులే. ఆయన బయటికి వచ్చి, తలుపు దగ్గర చేతులు కట్టుకుని, “పాసా మేడం?” అని అడిగారు. “ఫస్ట్ క్లాస్,” అన్నాను. చెవిలో స్వల్ప లోపం, మాటల గుర్తింపు బాగుంది అని రాసి సంతకం పెట్టాను. పెద్ద పొరపాటు పట్టుకున్నానన్న సంతోషంలో, మరి ఆయన టేబుల్ దగ్గర ఎందుకు తడబడుతున్నారన్న ప్రశ్న గదిలోనే మిగిలిపోయింది.

కొన్నాళ్లకు ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి పక్కన ఇంకో సప్లయర్, పలమనేరు మనిషి, ఈయన కన్నా పెద్దవాడు. యజమాని పంపించారట. ఆయనకూ పరీక్ష చేశాం. రెండు గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెడితే గీతలు దాదాపు కలిసిపోయాయి. అదే లోపం, అదే స్థాయి. పలమనేరాయన ఏ ఆర్డరూ తప్పడం లేదు. యజమాని అడిగారని రెండో రిపోర్టు కూడా రాసిచ్చాం. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే హోటల్లో ఏమనుకుంటారో నాకు తట్టనే లేదు. ఇద్దరి చెవులూ ఒకటే. ఒకడు పని చేస్తున్నాడు, ఇంకొకడు చేయడం లేదు. అయితే ఇది ఒళ్లు బరువే కదా. మన సప్లయర్ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, “మేడం, నేను నాటకాలాడతా ఉండానంటారు,” అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. మా అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. బస్టాండు ఎదురుగా ఇంకో హోటల్లో టిఫిన్ తింటూ ఆ గోలంతా ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. ఇద్దరినీ పిలిపించి, ముందు నిశ్శబ్దంలో టిఫిన్ల పేర్లు వరసగా చదివాను. ఇద్దరూ చక్కగా తిరిగి చెప్పారు. తర్వాత గోల పెట్టి చదివాను. ఒక్కొక్క పేరే చెప్పినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది లేదు. వరస పెంచాను. పలమనేరాయన గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశారు. మన సప్లయర్ మొదటిది చెప్పి, చివరిది తప్పు చెప్పి, మధ్యలోవి వెతుక్కుంటూ కళ్లు మూసుకున్నారు. నుదుటి మీద చెమట పట్టింది.

మీరు చదువుకునే ఉంటారు గాని, నేను ఆ రోజు కళ్లారా చూశాను కాబట్టి నా మాటల్లో చెబుతాను. మాటను చెవి గుర్తుపట్టదు, మెదడు గుర్తుపడుతుంది. ‘వ’ అన్న శబ్దం తగలగానే మెదడు వడా, వద్దా, వంకాయా అని కొన్నింటిని పట్టుకుని కూర్చుంటుంది. మిగతా శబ్దం అందగానే ఒకటి ఉంచుకుని తక్కినవి వదిలేస్తుంది. ఆ పట్టుకునే చోటునే వర్కింగ్ మెమరీ అంటున్నాం. పాత విషయాలు దాచుకునే జ్ఞాపకశక్తి వేరు, ఇది వేరు. చూసిన సినిమా పాట పదేళ్లయినా మరిచిపోని వాడికి కూడా ఈ చోటు తక్కువ ఉండొచ్చు. చెవి బాగుండి, గది ప్రశాంతంగా ఉంటే మాటను గుర్తుపట్టడానికి ఆ చోటుతో పెద్ద పని పడదు, అదంతా ఆర్డరు మోయడానికి మిగులుతుంది. చెవి కాస్త తగ్గి, చుట్టూ గోల ఉంటే ప్రతి మాటనూ సగం విని సగం ఊహించాలి. చోటంతా దానికే అయిపోతుంది. ఎక్కువ ఉన్నవాడికి ఇంకా మిగులుతుంది, తక్కువ ఉన్నవాడికి మిగలదు. రెండో మాట వచ్చేలోపల మొదటిది జారిపోతుందని ఆయన మొదటి రోజే నాకు చెప్పారు.

మరి ఏడాది కిందటి దాకా ఎలా నెట్టుకొచ్చారంటే, దానికి కారణం హోటల్లోనే ఉంది. పాత పెంకుల కప్పు తీసేసి, గోడల నిండా టైల్స్ వేసి, పొగ లాగే పెద్ద ఫ్యాను పెట్టారు. హాలు మెరుస్తోంది. స్పూను కింద పడినా మూల మూలకూ మోగుతోంది.

నేనూ మా అమ్మాయీ వెళ్లి యజమానిని కలిశాం. చిత్తూరులో కిరాణా వ్యాపారం చేసిన కుటుంబం, మర్యాదస్తుడు. కాఫీ తెప్పించారు. తెచ్చింది మన సప్లయరే. తెచ్చి పక్కనే నిలబడ్డారు.

“ఇద్దురి సెవులూ ఒగటేనని మీరే రాసిచ్చినారు కదమ్మా,” అన్నారు యజమాని. “ఆయప్పకు లేని జబ్బు ఈయప్పకు యాడ నుంచి వచ్చె?”

“మీ వాళ్లలో ఒకరు చేతి మీద ఐదు ప్లేట్లు పేర్చుకుని వస్తారు, ఒకరు మూడే తెస్తారు. మూడు తెచ్చేవాడిది చెయ్యి కాకుండా పోతుందా? అలాంటిదే ఇదీ. గోలలో మాట పట్టుకోవడానికే ఈయన చెయ్యి నిండిపోతోంది.”

“అంటే బుర్ర సిన్నదంటారు.”

“అయ్యో, నేనలా అనలేదండీ!”

“నేనూ అనలేదమ్మా. మీరు సెప్పేది నాకు అట్ల అర్థమయితా ఉండాది.”

పక్కన నిలబడిన మనిషి ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాట మాత్రం ఆయనకు గోలలోనూ స్పష్టంగా వినబడింది. నేను తెలివైనదాన్నని అనుకునే ప్రతిసారీ ఆ కప్పుల చప్పుడు గుర్తు తెచ్చుకుంటాను.

చివరికి యజమాని ఒప్పుకున్నారు. వినాయక చవితి దాకా చూద్దామన్నారు. ఫ్యానుకు దూరంగా లోపలి టేబుళ్లు ఆయనకిస్తారు. ఆర్డరు రాసుకోవడానికి చిన్న చీటీల పుస్తకం పెట్టుకుంటారు. ఈలోగా చెవికి మిషన్ కోసం క్యాంపులో మేం పేరు రాయిస్తాం. రాయడం ఆయనకు కష్టమేమీ కాదు. హోటల్ ముందు బోర్డు మీద ‘ఈరోజు స్పెషల్’ అని సుద్దముక్కతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసేది ఆయనే. పుస్తకం నేనే కొనిచ్చాను. “ఇందులో రాసుకోండి,” అన్నాను. “సరే మేడం,” అన్నారు. మా సంభాషణ అంతే.

మొదటి రోజులు బాగానే గడిచాయి. తప్పులు తగ్గాయని యజమానే ఫోన్ చేసి చెప్పారు. నాకు ఉత్సాహం ఆగలేదు. ఒక ఆదివారం పొద్దున మా అమ్మాయిని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లాను. డాక్టరు రోగిని ఇంటికెళ్లి చూస్తే గౌరవం అనుకునే కాలం మనిషిని నేను.

మమ్మల్ని చూడగానే ఆయన ముఖం వెలిగింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచి కూర్చోబెట్టారు. చీటీల పుస్తకం అంచు చొక్కా జేబులోంచి కనిపిస్తోంది. ఇంతలో గోదావరి వైపు కుటుంబం ఒకటి వచ్చి మా పక్క టేబుల్ నింపేసింది. ముసలావిడ, కొడుకు, కోడలు, పిల్లలు, ఇంకా ఎవరో బంధువులు. తిన్నాక కొండ ఎక్కుతారట. ఆయన వాళ్ల ముందు నిటారుగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను జేబు ఉండే చోట వేలితో తట్టి సైగ చేశాను. ఆయన నన్ను చూసి చిరునవ్వు నవ్వి, తల ఊపారు. పుస్తకం మాత్రం తీయలేదు.

అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. పూరీ, పొంగలి, పిల్లాడికి ఇడ్లీ, కారం లేకుండా చట్నీ. లోపల గ్రైండర్ ఆన్ చేశారు. కోడలు అంది, “మా అత్తగారికి ఉల్లి దోసె వద్దు, మామూలు దోసె.” ఆయన వంటగది వైపు తిరిగి, పాత రోజుల్లోలా గొంతెత్తి, ఆర్డరు మొత్తం పాడినట్టు చెప్పారు. పలమనేరాయన కూడా ఆగి చూశారు. నేను మా అమ్మాయి చెయ్యి నొక్కాను. నిజం చెప్పాలంటే ఆ క్షణం గర్వపడ్డాను.

అన్నీ సరిగ్గానే వచ్చాయి. ముసలావిడ ముందుకు మాత్రం ఉల్లి దోసె వచ్చింది.

ఆవిడకు చూపు ఆనదు. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కోడలు కేక పెట్టింది. దర్శనమయ్యే దాకా ఉల్లి ముట్టనని ఆవిడ మొక్కుకుందట. “వద్దని చెవిలో అరిచినట్టు చెప్పాను కదయ్యా! వినపడని వాణ్ణి ఎందుకు పెట్టుకున్నారండీ?” హాలంతా తిరిగి చూసింది. ముసలావిడ నోరు పుక్కిలించుకుని, “పోనీలేవే, తెలియక తిన్నదానికి స్వామి ఏమీ అనుకోడు,” అని కోడల్నే సముదాయించింది. కోడలు వినలేదు.

యజమాని వచ్చి వాళ్లకు దండం పెట్టారు. మన సప్లయర్ మీద కేకలేయలేదు. భుజం మీద చెయ్యి వేసి మెల్లగా, “నువ్వు రవంత సేపు లోపలికి పో అబ్బా,” అన్నారు. తిట్టి ఉంటే ఎవరైనా అడ్డుపడేవాళ్లు. అంత మెత్తగా చెప్పిన మాటకు నేనూ అడ్డుపడలేదు. మన సప్లయర్ భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, కౌంటర్ మీద పెట్టి లోపలికి వెళ్లారు. మేం లేచేసరికి తొట్టి దగ్గర ప్లేట్ల చప్పుడు వినిపిస్తోంది. మర్నాటి నుంచి పనికి రాలేదని తెలిసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సోమవారం ఆస్పత్రికి వెళ్లి ఆయన పరీక్ష కాగితం మళ్లీ తీశాను. మా మాటల పట్టీలో ‘వద్దు’ కూడా ఉంది. ఆయన దాన్ని తప్పు లేకుండా చెప్పారు. ఒంటరిగా వచ్చిన ‘వద్దు’ ఆయనకు ఎప్పుడూ కష్టం కాదు. మన భాషలో కావాలో వద్దో చెప్పే మాట వాక్యం చివర వస్తుంది. అది వచ్చేదాకా ముందున్నదంతా చేతిలో పెట్టుకుని ఆగాలి. గ్రైండర్ మోతలో ‘ఉల్లి దోసె’ను పట్టుకోవడానికే ఆయన చెయ్యి నిండిపోయింది, ఆ తర్వాత వచ్చిన చిన్న మాటకు చోటు దొరకలేదు. ఇన్నేళ్లు తెలుగువాళ్లకు తెలుగులో పరీక్షలు చేసి, ఒక్కొక్క మాటను విడదీసి కొలుస్తూ వచ్చాం. మాటలు ఒంటరిగా ఎవరి దగ్గరికీ రావని మాకు తెలియక కాదు. అలా కొలవడం సులువు.

తర్వాత నేను రిటైరయ్యాను. ఒకరోజు మా అమ్మాయి ఫోన్ చేసి, ఆయన పేరు మీద మిషన్ ఎట్టకేలకు వచ్చిందని చెప్పింది. ఇప్పుడు ఆ గదికి ఆమే పెద్ద. పలమనేరాయన్ను అడిగితే, మన సప్లయర్ కాణిపాకంలో ఉన్నారని చెప్పారు. ఇద్దరం కారులో బయల్దేరాం.

గుడికి పోయే దారిలో, బండి మీద ఉడికించిన వేరుశనగ కాయలు అమ్ముకుంటున్నారు. కాస్త చిక్కారు. మమ్మల్ని చూసి గబగబా స్టూలు తుడిచి వేశారు. అడక్కుండానే రెండు పొట్లాలు కట్టి చేతిలో పెట్టారు.

“బాగున్నారా?” అన్నాను.

“బాగుండాను మేడం. ఈడ ఆర్డర్లు లేవు. ఉండేది ఒగటే సరుకు. ఏలు సూపిస్తే సాలు, పొట్లం కట్టిస్తాను.” ఇంకో పొట్లానికి కాగితం చుడుతూ అన్నారు, “అయితే ఎవురూ ఏమీ అడగరు. అదే రవంత కొరత.”

మా అమ్మాయి మిషన్ చెవికి అమర్చి శబ్దం సరిచేసింది. ఆయన తల అటూ ఇటూ తిప్పి, “బాగా ఇనపడతా ఉండాది,” అన్నారు. గుడి మైకు, బస్సుల హారన్లు, యాత్రికుల పిలుపులు అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టున్నాయి, కళ్లు చికిలించారు. అయినా మా ఎదుట తీయలేదు.

చాలాకాలంగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. “ఆ రోజు చీటీ ఎందుకు తీయలేదు? పక్కవాళ్లు నవ్వుతారనా?”

“నవ్వితే నవ్వనీ మేడం. అంతకుముందు రోజులన్నీ రాసుకుంటా ఉన్న్యాను గదా.” గంపలో కాయలు సర్దుతూ చెప్పారు. “ఆ పొద్దు మీరు వచ్చినారు. నాకోసరం అంత పెద్దోళ్లు హోటల్‌కు వచ్చి కూసున్నారు. మీ ముందర నేను కాగితం తీస్తే, మేడం వైద్యం పారలేదు, వీడింకా రాసుకుంటానే ఉండాడని మా ఓనరు అనుకోడా? మీకు తలవంపులు గదా.”

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను వేరుశనగ కాయ ఒకటి ఒలిచి, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాను. నేను చేసిన వైద్యం ఆ కాగితమేనని ఆ పుస్తకం కొనిచ్చిన రోజు ఆయనకు చెప్పలేదు. తెలుసనుకున్నాను. అంత దూరం వెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబితే ఆయన ఉద్యోగం నా పరువు కోసం అనవసరంగా పోయిందని ఆయనకు తెలిసిపోతుంది.

మిషన్ బ్యాటరీ ఎలా మార్చాలో ఇంకోసారి చూపించి వచ్చేశాను.